బహువచనంలో డాక్టరుగారు

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. సూది పట్టింది లేదు, మెడలో గొట్టం వేసుకున్నది లేదు. చీటీలు రాశాను, ఫైళ్ళు మోశాను, ఎవరు ఏ గది ముందు కూర్చోవాలో చెప్పాను. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మా ఇంటికొచ్చినప్పుడు, "ఆంటీ, మీ సర్వీసుల మరిచిపోలేనిది ఒకటి చెప్పుండ్రి" అని అడుగుతారు. రక్తం, అంబులెన్సు, పరుగులు ఉంటాయని వాళ్ళ ఆశ. నేను చెప్పేది వ్యాకరణం. ఆ మాట వినగానే సగం మంది చాయ్ తాగేసి లేస్తారు. లేవకుండా కూర్చున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా ఆసుపత్రి పాతబస్తీలో నాలుగంతస్తుల పాత భవనం. పెద్ద పేరేమీ లేదు. కానీ మా దగ్గర ఒక సర్జను ఉండేవారు. డెబ్బై దగ్గర పడుతున్నా చెయ్యి వణకని మనిషి. బస్తీలో అందరికీ ఆయన పెద్ద డాక్టరుగారు, పెద్ద డాక్టర్ సాబ్. ఆయన గేటు దగ్గర కనిపిస్తే ఆటోవాళ్ళు కాలుస్తున్న బీడీ వీపు వెనక దాచుకునేవాళ్ళు. ఆయన గురించి ఆ నోటా ఈ నోటా విని యెమెన్ నుంచి, ఒమన్ నుంచి, సూడాన్ నుంచి రోగులు వచ్చేవారు. వాళ్ళ కోసం కింద రిసెప్షన్ పక్కన ఒక టేబులు వేశారు. అక్కడ ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఒకరు హుస్సేనీ ఆలం బస్తీ నుంచి వచ్చే భాయ్. గల్ఫ్‌లో పదకొండేళ్ళు బట్టల దుకాణంలో పనిచేసి, అరబ్బీ నేర్చుకుని తిరిగొచ్చిన మనిషి. రెండోదాన్ని నేను, జహనుమా నుంచి. మాట ఆయనది, కాగితం నాది. ఏళ్ళ తరబడి అలా నడిచిపోయింది.

ఆ తర్వాత ఒక ఏడాది, ఎవరు దారి చూపించారో గానీ, పశ్చిమ ఆఫ్రికా నుంచి రోగులు రావడం మొదలైంది. వాళ్ళకు ఇంగ్లీషు రాదు. అరబ్బీ రాదు. వాళ్ళు బయటివాళ్ళతో మాట్లాడేది ఫ్రెంచి. భాయ్ రోగులతో చేతి సైగలు చేయడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

మేనేజరు మీటింగు పెట్టారు. మంగళవారం, గురువారం డ్యూటీ అయిపోయాక ఫ్రెంచి క్లాసు. మూడు నెలలు. నేర్చుకున్నవాళ్ళు ఆ టేబులు దగ్గర ఉంటారు. నేర్చుకోకపోతే బయటి ఏజెన్సీ మనుషులు వస్తారు, మమ్మల్ని బేస్‌మెంటులోని రికార్డు రూముకి పంపిస్తారు. నేను ఆ రూములో ఆరేళ్ళు చేసి బయటపడ్డదాన్ని. కిటికీ లేదు, మాట్లాడటానికి మనిషి లేడు, ఉన్నదల్లా దుమ్ము, దగ్గు. నాకింకా నాలుగేళ్ళ సర్వీసు మిగిలి ఉంది. అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను.

మేనేజరు నవ్వారు. "ఈ ఏజ్‌ల మీకెందుకు మేడమ్? ఫోన్‌ల యాప్ ఉంది గద. నొక్కితే అదే మాట్లాడ్తది."

"మరి యాప్‌నే ఆ కుర్చీల కూసోబెట్టుండ్రి సార్," అన్నాను.

నిజానికి ఆయన ఆ "ఏజ్" మాట ఎత్తకుండా ఉంటే నేను మధ్యలో మానేసేదాన్నేమో. నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. కాదంటే చేసి తీరాలి. మా అమ్మ దాన్ని మొండితనం అనేది, నేను పట్టుదల అనుకునేదాన్ని.

ఏడుగురం చేరాం. టీచరమ్మ మూసీ అవతలి నుంచి స్కూటీ మీద వచ్చేది. నా కూతురి కంటే చిన్నది. చేతిలో మార్కరు పట్టుకుంటే మాత్రం పోలీసు. మొదటి రోజే బోర్డు మీద పార్లే అని రాసింది. ఫ్రెంచిలో మాట్లాడటం అని అర్థం. దాని చివర ఉన్న ఇ, ఆర్ అనే రెండక్షరాల తోకను కత్తిరించి పారేసింది. మిగిలిన మొండేనికి ఆరు కొత్త తోకలు తగిలించింది. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు, ఒక్కొక్కరికి ఒక్కో తోక. జె పార్ల్, తూ పార్ల్, ఇల్ పార్ల్, ను పార్లోఁ, వూ పార్లే, ఇల్ పార్ల్. ఇల్ అంటే మగవాళ్ళు. ఆడవాళ్ళయితే అక్కడ ఎల్ పెట్టుకోవాలి, మిగతాదంతా అదే. ఈ ఒక్క పద్ధతి పట్టుబడితే వందల క్రియలు మీ వెంట నడిచి వస్తాయి అంది.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆరింటిలో నాలుగు ఒకేలా పలుకుతాయి. రాతలో మాత్రం మూడు రకాలు. వాళ్ళు అని చెప్పాలంటే చివర ఇ, ఎన్, టి అని మూడక్షరాలు రాయాలి, అందులో ఒక్కటీ పలకకూడదు. మనం తెలుగువాళ్ళం, రాసిందల్లా చదువుతాం. నాకు ఒళ్ళు మండింది.

"పలకనిదానికి రాసుడెందుకు?" అని అడిగాను.

టీచరమ్మ సమాధానం వెతుక్కునే లోపే భాయ్ అందుకున్నాడు. "మన దవాఖానల లేరా అక్కా గట్లాంటోళ్ళు? రిజిస్టర్ల పేరుంటది, నెలనెలా జీతముంటది, ఆవాజ్ మాత్రం ఉండదు."

టీచరమ్మ నవ్వు కనపడకుండా బోర్డు వైపు తిరిగింది.

ఇంట్లో ఎంత చదివినా ఆ తోకలు ఒకదానితో ఒకటి చిక్కుపడిపోయేవి. ఒక ఆదివారం బేగంబజార్ వెళ్ళి గుండ్రటి స్టీలు పోపుల డబ్బా కొన్నాను. ఇంట్లో ఒకటి ఉంది, అయినా కొన్నాను. నడుమ ఒక గిన్నె, చుట్టూ ఆరు గిన్నెలు. దుకాణంలో దాన్ని చూడగానే ఇది నా కోసమే చేశారనిపించింది. నడుమ గిన్నెకు క్రియ మొండెం, చుట్టూ ఆరింటికి ఆరు తోకలు, కాగితం ముక్కల మీద రాసి అంటించాను. ఆవాలు నేను, జీలకర్ర నువ్వు, పసుపు అతను, మెంతులు మేము, ఎండుమిర్చి మీరు, ధనియాలు వాళ్ళు. రోజూ పొద్దున తాలింపు వేస్తూ ఏది తీస్తే అది పైకి చెప్పుకునేదాన్ని. నడుమ గిన్నె మీద కాగితం మాత్రం రోజుకొకటి మార్చేదాన్ని. ఈరోజు మాట్లాడటం, రేపు నడవటం, ఎల్లుండి పనిచేయటం.

మా ఆయన కొన్నాళ్ళు చూసి, ఒకరోజు పప్పు నోట్లో పెట్టుకుని, "ఇయ్యాల మీరు ఎక్కువైన్రు," అన్నాడు. నిజమే, ఎండుమిర్చి ఎక్కువ పడింది.

నెలన్నరకల్లా ఏడుగురిలో ఐదుగురు జారుకున్నారు. మిగిలింది నేను, భాయ్. అప్పుడు టీచరమ్మ ఒక పరీక్ష పెట్టింది. మీకు తెలిసిన మనుషుల గురించి ఐదు వాక్యాలు రాయమంది. భాయ్ తన తండ్రి గురించి రాశాడు. నేను పెద్ద డాక్టరుగారి గురించి రాశాను. ఇద్దరి కాగితాల మీదా ఒకే చోట ఎర్ర గుండ్రాలు పడ్డాయి.

"భాయ్, మీ నాన్నగారు ఒక్కరే కదా? మరి క్రియకు వాళ్ళు అనే తోక పెట్టారేంటి?" అంది టీచరమ్మ.

"అబ్బా కామ్ కర్తే, గట్లనే అంటం మేడమ్. కర్తా అని అన్ననంటే మా అమ్మీ చెప్పు తీస్తది."

నాదీ అదే కథ. డాక్టరుగారు పనిచేస్తారు అనే నా చెయ్యి రాసింది. పనిచేస్తాడు అని రాయమంటే రాదు. ఉర్దూలో ఆయన తండ్రి బహువచనం, తెలుగులో నా డాక్టరుగారు బహువచనం. మా ఇద్దరి భాషలూ వేరు, తప్పు మాత్రం ఒకటే.

టీచరమ్మ కుర్చీలో కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "ఫ్రెంచిలో గౌరవం ఎదురుగా ఉన్న మనిషికే. ఒక్కరే ఉన్నా వూ అనొచ్చు, అంటే మీరు. పక్కన లేని మనిషి గురించి చెప్పేటప్పుడు ఎంత గొప్పవారైనా ఏకవచనమే." మా ముఖాలు చూసి జాలిపడిందేమో, "రాస్తే మార్కు పోతుంది గానీ, పలికేటప్పుడు ఫర్వాలేదు లెండి. రెండూ ఒకేలా వినిపిస్తాయి, ఎవరికీ తెలీదు," అంది.

ఆ చివరి మాట నేను కొంగున ముడేసుకున్నాను. ఎవరికీ వినపడదు కాబట్టి, నా నోట్లో నేను డాక్టరుగారిని బహువచనంలోనే ఉంచుకోవచ్చు. ఇల్ పార్ల్ అని పైకి అంటాను, లోపల మాత్రం ఆయన మాట్లాడుతున్నారు అనుకుంటాను. ఫ్రెంచివాళ్ళకు తెలియకుండా వాళ్ళ భాషలో మన మర్యాద నడుపుతున్నందుకు నాకు భలే సంతోషంగా ఉండేది.

తర్వాతి వారం అచ్చుతో మొదలయ్యే క్రియలు వచ్చాయి. వాళ్ళు అనే ఇల్‌కి రాతలో చివర ఒక ఎస్ ఉంటుంది. మామూలుగా అది కూడా జీతం తీసుకునే మౌనిబాబే. కానీ వెనకాల అచ్చు వస్తే నిద్రలేచి జ అని అరుస్తుంది. రావడాన్ని అరివే అంటారు. అతనొక్కడు వస్తే ఇలరీవ్. వాళ్ళు వస్తే ఇల్జరీవ్. ఈ జ మామూలు తెలుగు జ కాదు. నమాజ్‌లో, రంజాన్ రోజాలో, జర్దాలో ఉండే జ.

మేమిద్దరం ఒక్కసారికే పలికాం. టీచరమ్మ ఆశ్చర్యపోయింది. "అవతల నా స్టూడెంట్లకు ఈ జ రావడానికి నెల పడుతుంది. మీకు పుట్టుకతోనే ఉందే!"

అప్పటికి ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నా పనిని ఎవరైనా అంతగా మెచ్చుకున్నది లేదు. ఆ జ మీద నాకు ప్రేమ పుట్టింది. అచ్చు క్రియ దొరికితే చాలు, ఇల్జరీవ్, ఇల్జొపేర్ అని మోగించేదాన్ని. ఒక వారం నేర్చుకున్న మర్యాద, ఇంకో వారం నేర్చుకున్న జ, నా తలలో పక్కపక్కనే కాపురం ఉన్నాయి. అవి ఒకదానికొకటి ఎదురుపడితే ఏమవుతుందో నేను ఆలోచించలేదు.

మూడో నెలలో ఒక పెద్దాయన వచ్చారు, భార్యతో సహా. సన్నగా, పొడుగ్గా, మడత నలగని పొడుగు చొక్కా. వాళ్ళ దేశంలో ముప్ఫై ఎనిమిదేళ్ళు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. ఒకటి జారి దారికి అడ్డంపడి కామెర్లు వచ్చాయి. ముందు వాటిని తగ్గించి, తర్వాత ఆపరేషన్ చేద్దామని వారం రోజులు వార్డులో ఉంచారు. ఇంకో రాయి జారితే ఈసారి ప్రాణం మీదికి వస్తుందని, తిరుగు ప్రయాణంలో విమానంలో జరిగితే చేయగలిగింది ఏమీ ఉండదని పెద్ద డాక్టరుగారు నాకు విడమరిచి చెప్పారు.

ఆ వారం రోజులూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పంతులుగారి దగ్గరికి వెళ్ళేదాన్ని. నా నోటుపుస్తకం చూసి ఆయన కళ్ళు వెలిగాయి. కడుపులో రాళ్ళున్నాయని మరిచిపోయి పాఠం మొదలుపెట్టారు. మంచం మీద దిండుకు ఆనుకుని ఆయన, మంచం కాళ్ళ దగ్గర నిలబడి నేను. క్రియ ఆయన ఇస్తారు, ఆరు రూపాలూ నేను అప్పజెప్పాలి. తప్పు పోతే వేలు ఊపుతారు. తప్పు లేకపోతే "త్రే బియేఁ, మదామ్" అంటారు, చాలా బాగుంది అని. ఆయన భార్య పక్కన కూర్చుని బత్తాయి వలుస్తూ నవ్వేది. చివరి రోజు ఆయన నా పుస్తకంలో పన్నెండు క్రియలు వరసగా దిద్ది, కింద సంతకం పెట్టారు. నా పదో తరగతి సర్టిఫికెట్టు కూడా అంత జాగ్రత్తగా దాచుకోలేదు.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం పెద్ద డాక్టరుగారు రౌండ్స్ ముగించి వెళ్తూ నాతో అన్నారు. "రేపు ఎనిమిదింటికి వస్త. ఒకసారి చూస్త. ఆపరేషన్ చేస్త. అయినంక ఏం చేసిన్నో నేనే చెప్త. గిదంతా ఆయనకు చెప్పమ్మా. భయపడొద్దను."

నాలుగు క్రియలు. రావడం, పరీక్షించడం, ఆపరేషన్ చేయడం, వివరించడం. ఫ్రెంచిలో నాలుగూ అచ్చుతో మొదలవుతాయి, నాలుగూ నేను నేర్చుకున్న తోకలవే. నాకు లాటరీ తగిలినంత సంబరమైంది. గదిలోకి వెళ్ళి, మంచం కాళ్ళ దగ్గర నిలబడి, డాక్టరుగారి మీద ఉన్న గౌరవమంతా నోట్లోకి తెచ్చుకుని చెప్పాను. ఇల్జరీవ్. ఇల్జెగ్జామీన్. ఇల్జొపేర్. ఇల్జెక్స్‌ప్లీక్.

పంతులుగారు త్రే బియేఁ అనలేదు. భార్య వైపు చూశారు. ఆమె చేతిలో బత్తాయి తొన ఆగిపోయింది. ఆపరేషన్ అంటే ఎవరికైనా భయమే కదా అనుకుని, భుజం తట్టి, ఇంటికి వెళ్ళిపోయాను. అలసిపోయి నిద్రపోయాను కూడా.

మర్నాడు ఏడున్నరకు నేను వెళ్ళేసరికి వార్డులో లొల్లి లొల్లిగా ఉంది. పంతులుగారు ఆసుపత్రి గౌను విప్పేసి, తన పొడుగు చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని, ఒళ్ళో సంచి పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉన్నారు. చేతికున్న సెలైన్ సూది తనే పీకేసుకున్నట్టున్నారు, చొక్కా మీద రక్తపు చుక్క. భార్య గోడకు ఆనుకుని ఏడుస్తోంది. మేనేజరు, నర్సు, భాయ్ చుట్టూ నిలబడి ఉన్నారు. నర్సు చేతిలో ఫోను.

పంతులుగారు ఫోనులోకి ఏదో గట్టిగా చెప్పారు. ఫోను దాన్ని తెలుగు చేసి, పెళ్ళిపిలుపు చదివినట్టు చల్లగా పలికింది. "ఒక రాయికి ఇంతమంది వైద్యులు ఎందుకు వస్తున్నారు? మీరు నా దగ్గర ఏ రోగం దాచుతున్నారు?"

"ఇంతమంది ఏంది? ఉన్నది ఒక్కరే గద!" అన్నారు మేనేజరు. అదే ఫోనులో చెప్పారు. ఫోను ఫ్రెంచిలో పలికింది. పంతులుగారు తల అడ్డంగా ఊపి, ఇంకో మాట అన్నారు. ఫోను మళ్ళీ పలికింది. "యంత్రం ఒకరు అంటోంది. మేడమ్ చాలామంది అని చెప్పింది. మేడమ్ క్రియలు నేనే దిద్దాను. ఆమె తప్పు చెప్పదు."

అందరూ నా వైపు తిరిగారు.

"ఏం చెప్పిన్రు మేడమ్ మీరు?" అన్నారు మేనేజరు.

"డాక్టర్ గారు వస్తరు అని చెప్పిన సార్."

"గదే గద చెప్పాల్సింది?"

"అదే సార్. వస్తరు అన్న. వస్తడు అనలే."

మేనేజరుకు ఏమీ అర్థం కాలేదు. భాయ్ మాత్రం నుదుటి మీద అరచేత్తో కొట్టుకున్నాడు. "యా అల్లా! గా జ!"

ఎవరికీ వినపడదనుకుని దాచుకున్న మర్యాద, అచ్చు క్రియ రాగానే జ అని బయటపడింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. వాళ్ళు వస్తున్నారు, వాళ్ళు పరీక్షిస్తున్నారు, వాళ్ళు కోస్తున్నారు. రాత్రంతా ఆ ముసలి దంపతులు ఎంతమంది డాక్టర్లను లెక్కపెట్టుకున్నారో. సిగ్గుతో చచ్చిపోయాను.

మేనేజరు జేబులోంచి ఫోను తీశారు. "ఏజెన్సీ వాళ్ళకు చేస్త. వాళ్ళ మనిషి మధ్యాహ్నం దాకా వస్తడు."

"మధ్యాహ్నం దాకా ఈయన ఉండరు సార్, ఎయిర్‌పోర్టుకు పోతరు," అన్నాను. "పది నిమిషాలు ఇయ్యుండ్రి. తప్పు నాది. నేనే దిద్దుత."

"అక్కను చెప్పనియ్యుండ్రి సాబ్," అన్నాడు భాయ్. "ఫోన్ చెప్తే నమ్ముతలేరు. అక్క చెప్తేనే నమ్ముతరు. గదే ముసీబత్, గదే ఇలాజ్. రోగం గదే, మందు గదే."

నేను మంచం కాళ్ళ దగ్గర, రోజూ పాఠం అప్పజెప్పే చోటే నిలబడ్డాను. నా దగ్గర ఏముందో చూసుకున్నాను. వర్తమాన కాలం. అందులోనూ పార్లే తోకల క్రియలు మాత్రమే. నిన్న తప్పు చెప్పాను అందామంటే భూతకాలం రాదు, ఆ పాఠం ఇంకా మొదలే కాలేదు. క్షమించండి అన్న మాట కూడా ఆ గాభరాలో తట్టలేదు. ఉన్నదానితోనే వండాలి.

ఆయన వైపు చెయ్యి చూపించాను. "వూ," అన్నాను. మీరు. తర్వాత ఒక్క వేలు చూపించి, "అఁ," అన్నాను. ఒక్కరు. ఆయన చిరాగ్గా తల ఊపారు, ఒక్కణ్ణే అన్నట్టు.

"జె పార్ల్, వూ పార్లే," అన్నాను. నేను మాట్లాడతాను, మీరు మాట్లాడతారు. "వూ, ప్లూర్యెల్." మీరు, బహువచనం. ఆ ప్లూర్యెల్ మాట ఆయన నేర్పిందే. మళ్ళీ ఒక్క వేలు. "మొస్యో, అఁ. వూ, ప్లూర్యెల్. పూర్క్వా?" అయ్యా మీరు ఒక్కరు, మరి బహువచనం ఎందుకు?

ముప్ఫై ఎనిమిదేళ్ళ పంతులు. ప్రశ్న అడిగితే ఊరుకోలేరు. కోపంలో ఉండి కూడా జవాబు ఇచ్చేశారు. "పార్ రెస్పె." గౌరవం కోసం.

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. "వుయ్! పార్ రెస్పె!" అని అరిచినంత పని చేశాను. "దాక్తర్, అఁ. జె రెస్పెక్త్ ల దాక్తర్. జె పార్ల్ ప్లూర్యెల్." డాక్టరు ఒక్కరు. నేను డాక్టరును గౌరవిస్తాను. బహువచనంలో మాట్లాడతాను. కిటికీ బయటికి చెయ్యి చూపించాను, రోడ్డు, ఆటోలు, మసీదు మినారు, అన్నీ కలిపి. "ఇసీ. హైదరాబాద్." ఇక్కడ ఇంతే అని చెప్పడానికి అంతకంటే మాటలు లేవు.

భార్య ఏడుపు ఆపి ఆయన్ని చూస్తోంది. ఆయన సంచి మీది నుంచి కుడి చెయ్యి తీసి, వేలు పైకెత్తారు. పాఠంలో ఎత్తినట్టే.

"సేఁగ్యులియే," అన్నారు. ఏకవచనం. చెప్పు చూద్దాం అని.

ఊపిరి తీసుకున్నాను. అప్పుడే వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే గుమ్మంలో పెద్ద డాక్టరుగారు. ఎనిమిదైంది. ఆయన ముందు, ఆయన్ని, నా జన్మలో ఎన్నడూ అనని మాట అనాలి. అన్నాను. ఇలరీవ్. ఇలెగ్జామీన్. ఇలొపేర్. ఇలెక్స్‌ప్లీక్. వస్తాడు, చూస్తాడు, కోస్తాడు, చెప్తాడు. ఒక్కో జ ఊడదీసినప్పుడల్లా చెంపలు వేసుకోవాలనిపించింది.

"ఏం అంటున్నవమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"మీరు ఒక్కరే వస్తరని చెప్తున్న సార్."

"ఒక్కణ్ణే గద వచ్చేది! ఇంకెవరొస్తరు?"

పంతులుగారు ఆయన వైపు ఒక్క వేలు చూపించారు, ప్రశ్నలాగా. డాక్టరుగారు ఏమీ అర్థం కాకపోయినా ఒక్క వేలు ఎత్తి చూపించారు. ఇద్దరు ముసలివాళ్ళు వేళ్ళెత్తుకుని ఒకరినొకరు చూసుకున్నారు. ముందు పంతులుగారి భార్య నవ్వింది. తర్వాత ఆయన నవ్వారు, కుడిపక్క డొక్క పట్టుకుని, నొప్పికి ముఖం ముడుచుకుంటూనే నవ్వారు. నవ్వి నవ్వి ఒళ్ళోని సంచి తీసి నేల మీద పెట్టారు. నేను వెళ్ళి ఆ సంచిని బీరువాలో పెట్టి, బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి, బాగా ఏడ్చాను.

ఆపరేషన్ తొమ్మిదింటికి మొదలైంది, ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. డాక్టరుగారు చెప్పినట్టే తనే వచ్చి వివరించారు. నేను ఏకవచనంలో అనువాదం చేశాను. ఆ గురువారం ఈ సంగతి విని టీచరమ్మ తల పట్టుకుంది. "ఎవరికీ తెలీదు అని నేనే అన్నాను కదా మేడమ్," అని చాలాసేపు బాధపడింది. భాయ్ ఆనాటి నుంచి ఇల్ జోలికి పోలేదు. ప్రతి వాక్యంలోనూ దాక్తర్, దాక్తర్ అనే చెప్పేవాడు. ఎంత పొడుగైనా ఫికర్ లేదు, సేఫ్ అనేవాడు. మేనేజరు మళ్ళీ ఏజెన్సీ మాట ఎత్తలేదు, నా ఏజ్ మాటా ఎత్తలేదు. మిగిలిన నాలుగేళ్ళూ ఆ టేబులు దగ్గరే చేసి, భూతకాలం, భవిష్యత్తు కూడా నేర్చుకుని దిగాను.

పిల్లలూ, ఇందులో నేను గొప్ప చేసిందేమీ లేదు. నేను పెట్టిన మంట నేనే ఆర్పాను, అంతే. ఆ రోజు ఫోను ఒప్పే చెప్పింది, నేను తప్పు చెప్పాను. అయినా ఆయన నన్నే నమ్మారు, వారం రోజులు ఎదురుగా నిలబడి పాఠం అప్పజెప్పినందుకు. అంత నమ్మినవాళ్ళ దగ్గర మన తప్పు ఎంత దూరం పోతుందో తలచుకుంటే నాకు ఇప్పటికీ భయమే. కాబట్టి నేర్చుకునేది ఎంత చిన్నదైనా సగం నేర్చుకుని వదలకండి. వదిలేసినవాళ్ళ కంటే సగం నేర్చుకున్న నాలాంటివాళ్ళే ప్రమాదం.

ఐదో రోజు పంతులుగారి డిశ్చార్జి. కాగితాలన్నీ సర్ది, ఫైలు పట్టుకుని మూడో అంతస్తు వరండాలో నడిచి వస్తున్నాను. చివరి గది తలుపు తెరిచే ఉంది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు, భార్య బట్టలు మడుస్తోంది. దూరం నుంచే నన్ను చూసి, ఆమె వైపు తిరిగి, బడిలో డిక్టేషన్ చెప్పినట్టు స్పష్టంగా ఒక్క మాట అన్నారు.

"ఎల్జరీవ్."

నమాజ్‌లో ఉండే జ. వాళ్ళు వస్తున్నారు, ఆడవాళ్ళు. నాతో పాటు ఇంకెవరు వస్తున్నారా అని వెనక్కి తిరిగి చూశాను. వరండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఖాళీగా ఉంది. వస్తున్నది నేనొక్కదాన్నే.